ఇమాం జామీను ముడి

తలుపు బార్లా తెరిచి ఉంది!

రబ్బానీ ఆఖరి మెట్టు మీద ఆగిపోతాడు.

గడియ పెట్టుకోమని, ఎవరు తట్టినా తీయొద్దని భార్యకు పదిసార్లు చెప్పి వెళ్లాడు. టీ తెచ్చామన్నా తీయొద్దన్నాడు. మేనేజరొచ్చినా తీయొద్దన్నాడు. 'నాకేమన్నా పిచ్చా, తీసేదానికి' అని షాహనా నవ్వింది కూడా.

ఇప్పుడు తలుపు తెరిచి ఉంది. లోపల చీకటి.

కింద వీధిలో బైకు ఆగిన చప్పుడు...

అదే బైకు! బేరం మాట్లాడ్డానికి వెళ్లిన నగల వ్యాపారి కేశవయ్య కొట్టు దగ్గర మొదలుపెట్టి, కడపలో తాము దిగిన ఈ లాడ్జి దాకా వెంటపడింది. సందులోకి తిరిగితే సందులోకి తిరిగింది. పరిగెడితే స్పీడు పెంచింది.

వెనక్కి పోలేడు. గడప దాకా వస్తాడు.

"షాహనా..."

గోడ తడిమి స్విచ్ వేస్తాడు. లైటు వెలుగుతుంది.

గది గదిలా లేదు!

పరుపును నిలువునా కోసేశారు. దిండ్ల పొట్టలు చీల్చేశారు. నేలంతా దూది. బాత్‌రూములో ఫ్లష్ ట్యాంకు మూత ఊడి కింద పడి ఉంది. కర్టెన్ కడ్డీ రెండు చివర్లూ విప్పి చూశారు. ట్యూబులైటు పట్టీ పీకారు. సబ్బును రెండు ముక్కలు చేశారు. ఆఖరికి కూతురు నఫీసా బిస్కెట్ ప్యాకెట్టును కూడా వదల్లేదు. చించి, బిస్కెట్లను పొడి చేసి వెతికారు.

లాడ్జికొచ్చిన మనిషి వస్తువు దాచుకునే చోట్లు ఎన్నుంటాయో, అన్నీ వాళ్లకు తెలుసు.

గోడ బీరువాలో చిన్న ఇనుప లాకరు కూడా తెరిచే ఉంది. తాళం పగలగొట్టలేదు... తాళంచెవితో తీశారు!

మంచం పక్కన పగిలిన గాజులు. షాహనా చెప్పు ఒకటి.

ఒకటే.

వాళ్లకు రాయి దొరకలేదు. ఎట్లా దొరుకుతుంది? అది ఈ గదిలో ఎప్పుడూ లేదు! రబ్బానీ గుండె ఒక్కసారి తేలికపడుతుంది... వెంటనే సిగ్గుతో ముడుచుకుపోతుంది. పెళ్లాం కనబడని గదిలో నిలబడి, రాయి పోలేదని సంతోషపడే మొగుడు! తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఫోన్ మోగింది.

షాహనా నంబరు!

"యాడుండావు షాహనా? ఏమైంది?"

"యాడుంటాదప్పా... మా కాడే ఉండాది."

మగ గొంతు. తొందర లేని గొంతు. ఆదోని వైపు యాస.

"ఎవర్రా నువ్వు?"

"కంబన్న. పేరు గుర్తు పెట్టుకుంటే మంచిది. శానా బాగా దాచినావప్పా! పరుపు కోసినాం, ట్యాంకు చూసినాం, లైటు గూడా ఇప్పినాం. దొరకల్యా. నీ పెండ్లాన్ని అడిగినాం. తెలీదంటాది."

"దానికి తెలీదన్నా! అల్లా తోడు, దానికి నేను చెప్పల్యా!"

"మొగుడు యాడ దాచినాడో పెండ్లానికి తెలీకుండా ఉంటాదా? మాకు చెవుల్లో పూలు పెడతాండావా?"

చెంప చెళ్లుమన్న చప్పుడు. షాహనా కేక. మళ్లీ అదే గొంతు, అంతే నిదానంగా.

"అర్ధగంట టైము. రాయి చేతికొచ్చినాక ఫోన్ చెయ్. యాడికి రావల్లనో చెప్తా. రాయి ఇయ్యి, ఆడదాన్ని తీస్కపో. ల్యాకుంటే ఆ బిడ్డకు తల్లి ఉండదు."

కట్!

రబ్బానీ గోడకు ఆనుకుంటాడు.

చింతగింజంత రాయి. మట్టి రంగులో, జిడ్డుగా, చూసేవాడికి గులకరాయి కన్నా హీనంగా ఉంటుంది. తొలకరి వానలకు తుగ్గలి చేలల్లో జనం తల వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారు కదా, అట్లా కోసిగి నుంచి వీళ్లూ వెళ్లారు. దొరికింది షాహనాకు. "ఏమయ్యా, ఇది సూడు" అని చీర కొంగుకు తుడిచి అతని చేతిలో పెట్టింది.

ఇక సుగ్గికి పోయే పని లేదనుకున్నారు ఆ పూట. ప్రతి ఏడూ ఇంటికి తాళం వేసి, బడి మాన్పించిన పిల్లను చంకనేసుకుని, గుంటూరు మిరప చేలకు కూలికి పోవడమే సుగ్గి. నఫీసా ఇంకా ఒకటో తరగతే దాటలేదు. ఈ రాయి అమ్మితే అది ఒకే ఊళ్లో, ఒకే బడిలో చదువుకుంటుంది. అంతకు మించి వాళ్లేమీ కోరుకోలేదు.

దొరికింది ఆమెకు. దాచింది ఇతను. దాచిన చోటు మాత్రం ఆమెకే చెప్పలేదు. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదట! పెద్ద తెలివిగలవాడు మరి.

మెట్లు దూకుతూ కిందికి పరిగెడతాడు.

కౌంటరు వెనక లాడ్జి మేనేజరు శివప్రసాద్. నుదుట కుంకుమ బొట్టు. చేతిలో ఫోను, ఫోనులో క్రికెట్టు.

"అన్నా! నా పెండ్లాన్ని ఎత్తుకపోయినారన్నా! రూమంతా..."

శివప్రసాద్ తల ఎత్తడు. చేతిలోని పెన్నుతో గోడ మీద బోర్డు చూపిస్తాడు.

'విలువైన వస్తువులు కౌంటరునందు అప్పగించవలెను. గదులలో పోయిన వస్తువులకు యాజమాన్యము బాధ్యత వహించదు.'

"మధ్యాన్నమే చెప్తినే. సదివితివే నువ్వు గూడా."

"పోయింది మనిషన్నా! వస్తువు కాదు!"

"మనిషికి బోర్డు రాయించలేదప్పా."

రబ్బానీకి ఒళ్లు మండుతుంది. కౌంటరు మీద చెయ్యి వేసి ముందుకు వంగుతాడు.

"లాకరు తాళంచెవి నీ కాడే గదా ఉంటాది?"

అప్పుడు తల ఎత్తాడు శివప్రసాద్! మొహంలో భయం లేదు, తొట్రుపాటు లేదు. వెనక వాకిలి దగ్గర అడుగుల చప్పుడు. బైకువాడు లోపలికొచ్చి నిలబడ్డాడు. హెల్మెట్ తీయలేదు. దారికి అడ్డంగా రెండు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"ఉంటే ఏం జేస్తావు?" అంటాడు శివప్రసాద్ మెల్లగా. "ఈ కుర్చీలో శానా ఏండ్లుగా కూర్చోనుండా. ఆ బోర్డు సదివినోడు ఏం జేస్తాడో తెల్సా? వస్తువు యాడుంటే ఆడ చెయ్యి పెట్టుకుంటాడు. తెలీకనే పెట్టుకుంటాడు. నడుముకుంటే నడుము. సంచిలో ఉంటే సంచి. నువ్వు పోయి కూతురి భుజం మీద చెయ్యేస్తివి!"

రబ్బానీ కౌంటరు మీద నుంచి చెయ్యి తీసేస్తాడు.

"కేశవయ్య కొట్లో నువ్వు రాయి బేరం ఆడింది మావోడు ఇన్యాడు. పిల్ల కాడ ఏముంటాదిలే అనుకున్నాం. అయినా మీ అమ్మ, పిల్ల దర్గాకు పోతాంటే కంబన్న ఎంట పోయినాడు. పక్కనే నిలబడి సూసినాడంట. చెవులకు కమ్మలు గూడా లేవంట. అందుకే, బిడ్డకు దెబ్బ తగిలిందని చెప్పి తలుపు తీయించి, రూము మీద పడితిమి."

"పోలీసులకు చెప్తా..."

"పోయి చెప్పు! ఏం పోయిందని కంప్లైంటు రాపిస్తావు? ఆ రాయికి బిల్లుండాదా? ముందు నిన్ను కూర్చోబెట్టి, రాయి యాడిదని అడుగుతారు. నీ అర్ధగంట ఆడే అయిపోతాది." మళ్లీ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "పో అప్పా, పో. టైము పోతాది. మావోడు నీ ఎనకే వస్తాడు."

హెల్మెట్టువాడు దారి ఇచ్చాడు. ఇచ్చి, నవ్వాడు.

రబ్బానీ పరిగెడుతున్నాడు!

గురువారం రాత్రి. దర్గాకు పోయే దారి నిండా జనం. ఆటోలు కదలడం లేదు. పూల బుట్టలు, చాదర్ల దుకాణాలు, వేడి జిలేబీ మూకుళ్లు. ఎవరినో ఢీకొన్నాడు. ఎవరో తిట్టారు. ఆగలేదు.

వెనకే బైకు హారను.

కంబన్న తన కూతురి పక్కన నిలబడ్డాడు. చూశాడు. కమ్మలు చూశాడు, మెడ చూశాడు. కానీ చేతి రెట్టకు కట్టిన పచ్చగుడ్డను చూసీ చూడలేదు!

రాయి అక్కడే ఉంది.

తెల్లారి బస్సనగా, రాత్రే తల్లి పీరమ్మ మనవరాలి రెట్టకు ఆ గుడ్డ కట్టింది. పచ్చగుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి, మడిచి కుట్టి, దువా చదివి ముడి వేసింది. ఇమాం జామీను. ప్రయాణంలో బిడ్డకు ఏ ఆపదా రాకుండా ఇమాముకు అప్పగించడం అన్నమాట. ఈ ఇళ్లల్లో ఊరు దాటే ప్రతి మనిషి చేతికీ అది ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ రెండోసారి తల తిప్పరు.

అందరూ పడుకున్నాక రబ్బానీ ఆ కుట్టు విప్పాడు. బిళ్ళ పక్కన రాయి పెట్టాడు. సుగ్గి లేని నెలల్లో అతని పని పరుపులు కుట్టడం. పరుపు సూదితో, ఎర్ర దారంతో, ఏనుగు లాగినా తెగని కుట్టు వేశాడు. రూపాయి బిళ్ళ కోసం చిన్నపిల్ల చెయ్యి ఎవడు పట్టుకుంటాడు?

ఇప్పుడు అది విప్పాలి. ఇచ్చేయాలి. షాహనాను తెచ్చుకోవాలి. సుగ్గి ఉంటే ఉంటుంది. మిరప చేలు ఎక్కడికీ పోవు.

దర్గా గేటు!

బైకు లోపలికి రాదు. హెల్మెట్టువాడు చెప్పులు విడిచే చోటే ఆగిపోయాడు. వేలితో గడియారం చూపించాడు.

లోపల కవ్వాలీ జోరుగా సాగుతోంది. సాంబ్రాణి పొగ కళ్లల్లో మండుతోంది. ఎక్కడున్నారు? ఎక్కడ?... అదిగో! గోడవార పీరమ్మ. ఆమె ఒళ్లో తల పెట్టుకుని నఫీసా. చేతిలో సగం తిన్న మలీదా ముద్ద.

"నాయనా!" లేచి కూర్చుంది నఫీసా.

"ఏం రబ్బానీ, అట్ల రొప్పుతాండావు? కుక్క గాని తరుముకొచ్చిందా?" అంటుంది పీరమ్మ.

అతను కూతురి ఎడమ చెయ్యి పట్టుకుంటాడు. గౌను చెయ్యి పైకి తోస్తాడు.

లేదు!

కుడి చెయ్యి. అదీ బోసిగా ఉంది!

ఎడమ రెట్ట మీద గుడ్డ బిగిసిన గుర్తు మాత్రం ఎర్రగా ఉంది. మళ్లీ మళ్లీ దాని మీద వేలు పెట్టి చూస్తాడు, అక్కడే ఎక్కడో చర్మం కింద దొరుకుతుందేమో అన్నట్టు.

"అమ్మా! గుడ్డ యాడ?"

"ఏం గుడ్డ నాయనా?"

"జామీను! ఇమాం జామీను! నువ్వు కట్టిన పచ్చగుడ్డ!"

"ఓ, అదా!" పీరమ్మ మొహం వెలిగిపోతుంది. "ఇచ్చేస్తి. సల్లంగా వచ్చి చేరితిమి గదా. చేరినాక విప్పి ఫకీరుకు కైరాతు ఇచ్చేయల్ల. కట్టుకోనే తిరిగితే ఇమాముకు బాకీ పడినట్లే. మరిచిపోలేదు సూడు నేను!"

రబ్బానీ ఆ గుర్తు మీద నుంచి వేలు తీస్తాడు.

అతనికి తెలుసు! చిన్నప్పటి నుంచీ తెలుసు. మొదటిసారి సుగ్గికి పోయినప్పుడు తన చేతికీ కట్టింది అమ్మ. తిరిగి ఊళ్లోకి అడుగు పెట్టగానే విప్పి, దారిలో కనబడ్డ కుంటి ఫకీరు చేతిలో పెట్టింది. చేరడమంటే ఇల్లు చేరడమే అనుకున్నాడు. కానీ అమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కడప పెద్ద దర్గాకు రావాలని కలవరించిన మనిషి. ఆమెకు ఇదే చేరడం.

దొంగల సంగతి ఆలోచించాడు. లాకరు సంగతి, మేనేజరు సంగతి, నోరాగని పెళ్లాం సంగతి ఆలోచించాడు. అమ్మ సంగతి ఆలోచించలేదు.

"ఏమైంది నాయనా? తప్పు చేస్తినా?"

ఏం చెప్తాడు? చెప్తే ఇక్కడే గుండె ఆగి పోతుంది ముసల్ది.

"తప్పేం ల్యాదుమా. ఎవరికిచ్చినావు?"

"గేటు పక్కన కూర్చోనుండ్య. నెమలి ఈకల కట్ట పట్టుకోని."

రబ్బానీ గేటు వైపు చూస్తాడు. గోడ పొడుగునా ఫకీర్లే! ప్రతివాడి చేతిలోనూ నెమలి ఈకల కట్టే!

"ఆ తాత డబ్బాకు గంట ఉండాది నాయనా," అంటుంది నఫీసా. "ఆడిచ్చినా నేను. గణగణమనింది."

"ఈడ్నుంచి కదలొద్దు," అంటాడు లేస్తూ. "ఎవరు పిలిచినా పోవద్దు. నేనొచ్చేదాకా..."

షాహనాకూ సరిగ్గా ఇదే చెప్పాడు.

ఫకీర్ల వరస. ఒక డబ్బా... గంట లేదు. ఇంకొకటి... లేదు. ఇంకొకటి...

ఫోను!

"టైము అయితాందప్పా. యాడుండావు?"

"దర్గా కాడ! వస్తాండా అన్నా! దాన్ని కొట్టొద్దు, ఈడే ఉండాది, తెస్తాండా!"

"బిరీన రా. దీని ఏడుపు ఇనలేకుండా ఉండా."

కట్!

ఆఖర్న, దీపం స్తంభం కింద, ముడతల మొహం. ఒళ్లో నీలం రంగు డబ్బా. దానికి చిన్న ఇత్తడి గంట!

పక్కవాళ్లు 'జమాల్ బాషా' అని పిలుస్తున్నారు అతన్ని. రబ్బానీ వెళ్లి కాళ్ల దగ్గర పడతాడు.

"తాతా! పొద్దు వాలేటప్పుడు ఒక ముసలామె, చిన్నపిల్ల వచ్చినారు. పచ్చగుడ్డ ఇచ్చినారు. ఇమాం జామీను."

"శానా మంది ఇస్తారు బేటా. ఇయ్యాళ గురువారం."

"ఎర్ర దారం! ఎర్ర దారం కుట్టు తాతా!"

జమాల్ బాషా కళ్లు చిట్లించాడు. "ఆ... ఎర్ర దారం. ఉండ్య. పరుపు కుట్టినట్లు గట్టిగా కుట్టుండ్రి. విప్పుదామంటే నాకు గోళ్లు రాల్యా."

విప్పలేదు! రబ్బానీకి ప్రాణం లేచొస్తుంది.

"అది ఇయ్యి తాతా! ఏమడిగితే అదిస్తా. ఈ గడియారం తీస్కో. నా ఫోన్ తీస్కో!"

"లేదు గదా బేటా. కట్టేస్తి."

"కట్టేస్తివా? ఎవరికి?"

"మీ ముసలామె ఎనకాల్నే ఒకాయన నిలబడుకోనుండ్య. తెల్ల చొక్కా, చేతికి కడియం. పిల్లనే సూస్తాండ్య. వాళ్లు పోయినాక నా కాడ కూర్చున్యాడు. ఒళ్లంతా చెమట. 'ఈ రాత్రికొక పని ఉండాది తాతా, భయంగా ఉండాది, ఏమన్నా కట్టు' అన్యాడు. తాయెత్తులు అయిపోయినాయంటే ఈ గుడ్డ చూపిచ్చినాడు. 'పసిబిడ్డ చేతిది, ఇదే కట్టు' అని పట్టుబట్టినాడు. ఐదొందల నోటిచ్చినాడు."

"ఆయన పేరేం తాతా?"

"పేరు అడగకుండా దువా ఎట్ల చేస్తా బేటా? కంబన్న అన్యాడు."

కవ్వాలీ వినబడటం లేదు. జనం వినబడటం లేదు.

"నేను గట్టిగా చెప్పి పంపిస్తి," అంటున్నాడు జమాల్ బాషా. "ఇల్లు చేరేదాకా విప్పొద్దు, నడిమధ్యన విప్పితే ఆపదొస్తాదని. చేరినాక విప్పి బీదోళ్లకు ఇచ్చేయల్లని చెప్తి. కండ్లకద్దుకోని పాయ."

రబ్బానీ నవ్వుతాడు. ఆపుకోలేడు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు... రెట్టకు రాయి కట్టుకుని పరుపులు కోశాడు వాడు! రెట్టకు రాయి కట్టుకుని షాహనాను కొట్టాడు!

నవ్వు ఏడుపైంది. ఫకీరు బెదిరిపోయి నెమలి ఈకలతో అతని తల నిమిరాడు.

ఫోన్ చేయాలి. ఇప్పుడే చెప్పేయాలి... వేలు ఆగిపోతుంది. ఫోనులో చెప్తే? వాడు రాయి తీసుకుంటాడు. తన మొహం చూసిన ఆడదాన్ని వదిలేసి పోతాడా? లేదు. ముందు షాహనా. ఆమె కళ్లెదుట కనబడాలి. ఆ తర్వాతే మాట.

"కంబన్నా! రాయి ఉండాది. యాడికి రావల్ల?"

"లాడ్జికే. మిద్దె మీదికి."

లాడ్జికే! ఆమె అక్కడే ఉంది! అతను ఆ చీరిన పరుపు పక్కన నిలబడి వణుకుతున్నప్పుడు, నెత్తి మీదే ఉంది!

మళ్లీ పరుగు. ఈసారి బైకు ముందు పోతోంది. దారి చూపించే పెళ్లిపెద్దలా, నిదానంగా.

శివప్రసాద్ తల ఎత్తకుండానే మెట్ల వైపు చెయ్యి ఊపాడు.

మిద్దె మీద తాళ్ల నిండా ఉతికిన దుప్పట్లు. గాలికి తెల్లగా ఊగుతున్నాయి. వాటిని తోసుకుంటూ వెళ్తాడు. ఒకటి... మరొకటి...

నీళ్ల ట్యాంకు పక్కన షాహనా!

చేతులు వెనక్కి కట్టేశారు. పెదవి చీలింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కన్ను అతన్ని చూసింది, వెంటనే అతని వెనక్కి చూసింది, బిడ్డ కోసం.

"నఫీసా బాగుండాది," అంటాడు.

ట్యాంకు నీడలోంచి కంబన్న బయటికొచ్చాడు. తెల్ల చొక్కా. కుడిచేతిలో నాటు పిస్తోలు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. ఎడమ రెట్టకు...

పచ్చగుడ్డ! ఎర్ర దారం!

"ఇయ్యి," అన్నాడు కంబన్న.

"ముందు దాన్ని వదులన్నా. కట్లు విప్పి మెట్ల కాడికి పంపు. చెప్తా."

"చెప్తావా? తెచ్చినా అంటివే?"

"తెచ్చే పని ల్యాదు. రాయి ఈడే ఉండాది. ఈ మిద్దె మీదనే."

కంబన్న కళ్లు మెరిశాయి. ట్యాంకు వైపు, పైపుల వైపు, దుప్పట్ల వైపు తిరిగాయి. సైగ చేశాడు. హెల్మెట్టువాడు షాహనా కట్లు కోసి ముందుకు తోశాడు.

ఒంటికాలి చెప్పుతో ఆమె నడుస్తోంది. రబ్బానీ పక్కకొచ్చి ఆగింది.

"నాకు దొరికిన రాయి గదయ్యా," అంది. కోపంగా కాదు, అలసటగా. "యాడ పెట్టినావో నాకన్నా చెప్పుంటే, మొదటి దెబ్బకే ఇచ్చేసుందును గదా. తెలీదంటే నమ్మల్యా వీండ్లు."

ఆమె మెట్ల తలుపు దాకా వెళ్లింది. తలుపు తీయబోయింది. హెల్మెట్టువాడు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

వదల్లేదు! వదిలే ఉద్దేశమే లేదు!

"ఇంగ చెప్పు," అన్నాడు కంబన్న.

"నీ రెట్టకుండాది."

"ఏమి?"

"రాయి. నీ రెట్టకే ఉండాదన్నా! ఆ పచ్చగుడ్డలో!"

కంబన్న నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. హెల్మెట్ లోపలి నుంచి కూడా నవ్వు వినిపించింది.

"మా అమ్మకు తెలీదన్నా! బిళ్ళ ఒక్కటే ఉండాదనుకోని ఫకీరుకిచ్చింది. నీ కండ్ల ముందరే గదా ఇచ్చింది! నువ్వు సూస్తివి గదా!"

"ఫకీరుకు ఎవరన్నా వజ్రం ఇస్తారంట్రా?"

"తెలీక ఇచ్చిందన్నా! ఆ కుట్టు నాదే. ఆ ఎర్ర దారం నాదే. విప్పి సూడు! లోపల రూపాయి బిళ్ళ, దాని పక్కనే రాయి! ఒక్కసారి విప్పి సూడు, నీ కాళ్లు మొక్కుతా!"

కంబన్న నవ్వు ఆగింది.

పిస్తోలు పట్టిన చెయ్యి కిందికి దిగింది. రెండు వేళ్లు పచ్చగుడ్డ మీదికి వెళ్లాయి. నొక్కాయి. తడిమాయి. ముడి దగ్గర ఆగాయి...

'విప్పు,' అనుకుంటున్నాడు రబ్బానీ. 'యా అల్లా, విప్పించు!'

ముడి కొస వేళ్లల్లోకి వచ్చింది.

వేళ్లు వెనక్కి వచ్చేశాయి!

"బిళ్ళ ఉండాది. బిళ్ళే." కంబన్న కళ్లు చిన్నవయ్యాయి. "నడిమధ్యన విప్పితే ఆపదొస్తాదని ఫకీరు చెప్పినాడు. నువ్వు ఇంతసేపు దర్గా కాడ్నే ఉంటివే... కనుక్కోని వస్తివా? ఇది నన్ను కాస్తాదని తెల్సుకోని, నాతోనే విప్పిస్తాండావా?"

"కాదన్నా! అది..."

"శానా తెలివిగల్లోడివప్పా! విప్పుతానే పోలీసోళ్లు మీద పడతారు, అంతేనా? యాడుండారు? కింద ఉండారా?"

"ఎవరూ ల్యారు! ఒట్టు! ఎవరూ ల్యారు!"

పెళ్లాం తెలీదంటే నమ్మలేదు. మొగుడు తెలుసంటే నమ్మడం లేదు. ఇంకేం చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి?

కంబన్న పెద్ద అంగల్లో షాహనా దగ్గరికి వెళ్లాడు. జుట్టు పట్టుకున్నాడు. పిస్తోలు ఆమె చెవి మీద పెట్టాడు.

"ఇదే ఆఖరి మాట. రాయి యాడ?"

రబ్బానీ దూకాడు!

పిస్తోలు కోసం కాదు. పచ్చగుడ్డ కోసం! రెండు చేతులతో రెట్టను పట్టేశాడు. గోళ్లు ఎర్ర దారం కిందికి పోయాయి. లాగాడు. ఒళ్లంతా బలం పెట్టి లాగాడు. ఒక్క పోగు తెగితే చాలు. ఒక్క కుట్టు ఊడితే రాయి బయటపడుతుంది. వాడి కళ్లెదుట పడుతుంది. వాడు నమ్ముతాడు...

తెగలేదు!

ఏనుగు లాగినా తెగని కుట్టు. తను వేసిందే.

ఢాం!

తెల్ల దుప్పటి మీద ఎర్రగా చిమ్మింది.

రబ్బానీ నేల మీద ఉన్నాడు. కడుపులో మంట. కాళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు. షాహనా ఏదో అరుస్తోంది. ఆమె చేతులు అతని పొట్టను అదిమి పట్టుకున్నాయి. ఆమె బతికే ఉంది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి.

"రాయి ల్యాదు, పాడు ల్యాదు! పిస్తోలు గుంజుకోను వచ్చినాడు నాయాలు!" కంబన్న రొప్పుతున్నాడు. "చప్పుడైంది, జనమొస్తారు! పా, పా!"

హెల్మెట్టువాడు తలుపు తీశాడు. మెట్ల మీద పరుగెత్తుతున్న అడుగులు.

కంబన్న గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎడమ రెట్ట పైకెత్తి, పచ్చగుడ్డను రెండు కళ్లకూ అద్దుకున్నాడు. తనకొచ్చిన ఆపద తప్పించినందుకు.

"కంబన్నా..." రబ్బానీ పిలిచాడు. నోట్లోంచి మాట రాలేదు, రక్తం వచ్చింది.

వాడు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి క్షేమంగా ఇల్లు చేరతాడు. చేరగానే ఫకీరు చెప్పినట్టు దాన్ని విప్పి, దారిలో కనబడిన ఏ బీదవాడికో ఇచ్చేస్తాడు.